కుడిచేతి కొలత

మా అమ్మాయి కుమారికి రవిక కుడిచేతి దగ్గర పట్టడం లేదని తెలిసిన రోజున నేను అది బోదవ్యాధి అనుకున్నాను. మా నరసాపురంలో బోద లేని వీధి లేదు. కాళ్ళకు వచ్చేది చేతికి రాదని ఎవరు చెప్పగలరు? పిల్లను వసారాలో వెలుతురులోకి లాక్కొచ్చి, చేయి చాపమని, మోచేతి పైన లేసు దారం చుట్టి ముడి వేశాను. అదే దారం తీసి ఎడమచేతికి ఎక్కిస్తే వేలు పట్టేంత వదులుగా వేలాడింది.

మా ఆయన రాజరత్నం గారు మిషను బడిలో చిన్న తరగతులకు మేష్టరు. ఆయన నొప్పి ఉందా అని పిల్లనడిగారు. లేదంది. జ్వరం లేదు, చంకలో బిళ్ళ లేదు. ఇంకేం భయం అన్నారు. ఆయనకు ఏ భయమూ ఉండదు కనుక ఇంటిల్లిపాది భయమూ నేనే పడాలి. మర్నాడు ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆస్పత్రి దొరసాని చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, పిడికిలి బిగించమని, దాని మీద తన వేళ్ళతో నొక్కి నవ్వింది.

"జబ్బు కాదు సంపూర్ణమ్మా. కండ. బ్యాటు పట్టేది ఈ చేత్తోనే కదా?"

ఊరట కలగాలి. కలగలేదు. ఒక చేయి ఆడపిల్లదీ, ఒక చేయి పడవ తోసేవాడిదీ అయితే రేపు దీన్ని ఎవరి ముందు నిలబెట్టను? కుడిచేతి గుడ్డ కాస్త వెడల్పు చేసి రవిక మళ్ళీ కుట్టాను. ఆ దారం మాత్రం పారెయ్యలేదు. ముడితో సహా లేసు బుట్ట అడుగున పెట్టుకున్నాను.

అవి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులు. పిల్ల చేయి కొలవడానికి ముందటేడు వానలు వెనకబట్టాక మా మిషను మిస్సమ్మగారు బంగళా పక్కన ఉన్న ఖాళీ జాగా చదును చేయించి, సున్నంతో గీతలు గీయించి, టెన్నిసు కోర్టు వేయించింది. దొరల సీమ నుంచి తెప్పించిన వల ఉప్పుగాలికి చివికిపోతే రేవులో చేపలు పట్టే పోతురాజు కొత్తది అల్లి తెచ్చాడు. ఇంత ఎత్తున గాలిలో కడితే ఇందులో పడే చేప ఏదండీ అని ఆవిడనే అడిగాడట. కుమారి ఆ మాట నాలుగు రోజులు చెప్పుకుని నవ్వింది.

మొదట దాన్ని బంతులు ఏరడానికి పెట్టుకున్నారు. పదిహేనేళ్ళ పిల్ల. లేసు సూది చేతికిస్తే కునికిపాట్లు పడేది, పరుగంటే మాత్రం ప్రాణం. ఏరిన బంతిని తీసుకెళ్ళి చేతికివ్వకుండా, మూల పడి ఉన్న పాత బ్యాటుతో కొట్టి పంపేదట. అది చూసి మిస్సమ్మగారు ఎదురుగా నిలబెట్టి ఆడించింది. కొద్దిరోజులకే ఏరే పని ఇంకొకళ్ళకు ఇచ్చి దీనికి ఆడే పని ఇచ్చింది. సాయంత్రాలు ఆస్పత్రి దొరసాని, ఓడల కంపెనీ దొరగారి భార్య, ఇంకా సర్కారు దొరల ఇళ్ళలో ఆడవాళ్ళు వచ్చేవారు. ఎదుటి మనిషి లేనివాళ్ళకు కుమారి ఎదుటి మనిషి. దానికి నెల జీతం.

అన్నం దగ్గర కూర్చున్నప్పుడు ఈవేళ ఎలా ఆడావని అడిగేదాన్ని. ఓడిపోయానమ్మా అనేది. మర్నాడూ ఓడిపోయానమ్మా. ఆ మర్నాడూ అదే. ముద్ద తర్వాత ముద్ద తింటూనే చెప్పేది. నాకు ముద్ద దిగేది కాదు. చివరికి ఒకరోజు ఉండబట్టలేక, రోజూ ఓడిపోయేదాన్ని జీతమిచ్చి ఎవరుంచుకుంటారే, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడరాదా అన్నాను. దానికి పొలమారింది. వాళ్ళ నాన్న నీళ్ళిచ్చారు.

"నన్ను పెట్టుకుందే ఓడటానికమ్మా," అంది దగ్గు తగ్గాక. "వాళ్ళు నెగ్గాలి. అలాగని ఊరికే నెగ్గకూడదు. చెమట పట్టి, ఇంక ఓడిపోతామేమో అనుకుని, అప్పుడు నెగ్గాలి. అలాగైతేనే మళ్ళీ రేపొస్తారు."

ఆ తర్వాత వరసగా చెప్పుకొచ్చింది. ఓడల దొరసానికి ఎడమవైపు బంతి అందదు, కనుక ఆవిడకు కుడివైపే వెయ్యాలి. ఆస్పత్రి దొరసాని వల దగ్గరికి రాలేదు, కనుక పొడుగ్గా పంపాలి. ఎవరితో ఏ రోజు ఎంత దాకా తెచ్చి ఎక్కడ వదిలేసిందో ఒక్కటీ మరిచిపోలేదు. నీళ్ళచెంబు పక్కన పెట్టి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించింది.

"నిజంగా ఓడింది ఒక్కసారేనమ్మా. కాల్లో పల్లేరు ముల్లు దిగిన రోజున."

మా ఆయన ఫక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇది ఎప్పుడైనా పొరపాటున నెగ్గితే ఏమవుతుందోనన్న కొత్త భయం ఆ రోజే పట్టుకుంది.

ఒకసారి మిస్సమ్మగారికి లేసు అప్పజెప్పే వంకతో వెళ్ళి మందార కంచె పక్కన నిలబడి చూశాను. ఓణీ నడుముకు బిగించి, ఉత్త కాళ్ళతో, నా కూతురు ఆ కోర్టులో నాకు తెలియని మనిషిలా ఉంది. ఆఖరు బంతి వచ్చింది. దాని చేయి లేచింది. కొడితే ఎదుటావిడకు కనపడకుండా పోయే దెబ్బ అది, అంత తెలియని నాకే తెలిసింది. ఎత్తిన చేయి గాలిలో కాస్త ఆగింది. తర్వాత మెత్తగా దిగింది. బంతి పోతురాజు వలకు తగిలి కింద పడింది. దొరసానులు చప్పట్లు కొట్టారు. కుమారి తల వంచి నవ్వింది. చిన్నప్పుడు చేదు మందు మింగి, బాగుందమ్మా అని నా కోసం నవ్వేది, ఆ నవ్వు.

వీధిలో మాటలు రాకుండా ఎలా ఉంటాయి? మా వసారాలో నాతోపాటు లేసు అల్లే చిన్నమ్మాయి అనే ఆవిడ నన్ను వదినా అంటుంది. సూది ఆపకుండానే, మీ కుమారి పరికిణీ దోపి గెంతుతుంటే దొరలు కుర్చీలేసుకుని చూస్తున్నారట కదా వదినా, మా ఆయన చూసొచ్చి చెప్పాడు, అంది. మీ ఆయన కూడా చూశాడన్నమాట అన్నాను. మిగతా ఆడవాళ్ళు నవ్వారు. కానీ ఆ నవ్వు చల్లారాక నాకు చెప్పుకోవలసిన మాట మిగిలే ఉంది.

"గెంతడానికి కాదు చిన్నమ్మాయ్, జీతానికి వెళ్తోంది. నువ్వు లేసుకు కూర్చున్నట్టే."

ఆ మాట పనిచేసింది. మా వాళ్ళలో అది అందరికీ తెలిసిన సంగతే. ఊడ్పుల్లో ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా చీరలు ఎగదోపి మగవాళ్ళ పక్కన బురదలో దిగుతారు, ఎవరూ వేలెత్తి చూపరు. కూలికి కదా. ఏ కూలీ లేకుండా వీధి మొగలో నిలబడి పకపకా నవ్విన పిల్ల మాట అలా కాదు. సంఘపెద్ద చిట్టియ్య గారు ఆదివారం ఆరాధన అయ్యాక ఇదే అడిగితే ఇదే చెప్పాను. ఆయన గడ్డం సవరించుకుని, జీతమైతే పని కిందే లెక్క, పనికి తప్పేంటమ్మా అన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ ఈ మాటే నేర్పాను. ఎవరడిగినా ఆడుకోవడానికి కాదండి, జీతానికండి అని చెప్పమని కుమారి చేత రెండుసార్లు అనిపించుకున్నాను కూడా. బడిలో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పి నవ్వింది.

క్రిస్మసు వెళ్ళింది. కొత్త సంవత్సరపు ఆరాధన అయ్యాక మిస్సమ్మగారు మమ్మల్నిద్దరినీ బంగళాకు పిలిపించింది. రాజమండ్రిలో దొరసానుల పోటీలు పెట్టారు. వంతెన కట్టే ఇంజనీర్ల ఇళ్ళలో ఆడవాళ్ళు చాలామంది దిగారట. ఇద్దరిద్దరు జతగా ఆడాలి. తన జత మనిషికి చలిజ్వరం తగిలింది. కుమారిని పంపుతారా అని అడిగింది. ఆ పైన ఇంకో సంగతి చెప్పింది. మద్రాసులో ఆడపిల్లలకు ఉపాధ్యాయినుల శిక్షణ ఇచ్చే పెద్ద దొరసాని ఆఖరి పోటీ రోజుకు వస్తోంది. ఆవిడకు వ్యాయామం నేర్పగల మన పిల్ల ఒకతె కావాలి. కుమారి ఆట ఆవిడ కంట్లో పడితే మద్రాసు బడిలో చదువు, చదువయ్యాక అక్కడే ఉద్యోగం. లేసు సూది పట్టి కళ్ళు పోగొట్టుకునే బతుకు దానికి ఉండదు.

మా ఆయన అప్పుడే మద్రాసు చేరిపోయారు. నేను పడవ గురించి అడిగాను. చలి గురించి, వంతెన పనివాళ్ళలో తిరుగుతున్న వాంతులూ విరేచనాల జబ్బు గురించి అడిగాను. చివరికి నేనూ వస్తానంటేనే పిల్ల వస్తుందన్నాను. మిస్సమ్మగారు అదే అనుకున్నానంది.

కాలవ గట్టు మీద మనుషులు తాడు లాగుతుంటే పడవ మెల్లగా నడిచింది. పాలకొల్లు లాకుల దగ్గర తలుపులు మూసి నీళ్ళు నింపుతుంటే, మేమున్న పడవ గోడల మధ్య పైకి లేస్తుంటే, నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. కుమారి పడవ ముందుభాగాన కూర్చుని, నేను కుట్టిన గుడ్డసంచిలో బ్యాటు ఒళ్ళో పెట్టుకుని, గట్ల మీద వరికుప్పలు చూస్తోంది. ఓడిపోతే పిల్ల ఏమైపోతుందో అన్నది ఒక భయం. నెగ్గి మద్రాసు వెళ్తే నేనేమైపోతానో అన్నది ఇంకో భయం. ఆ రెండింటి మధ్యనే రాజమండ్రి దాకా వెళ్ళాను. మూడోదొకటి ఉంటుందని తోచలేదు.

మొదటి ఆటకు ముందు మిస్సమ్మగారు కుమారి భుజం మీద చెయ్యేసి, ఆవిడకు వచ్చిన తెలుగులో నెమ్మదిగా చెప్పింది.

"ఇక్కడ ఓడవద్దు, కుమారీ."

కుమారి నా వైపు చూసింది. నేను తలూపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు.

ఆ తర్వాత జరిగింది నేను సరిగా చెప్పలేను. ఆట నాకు తెలియదు. కానీ చేయి తెలుసు. అది లేచింది, ఈసారి ఆగలేదు. జనం కుర్చీల్లో సర్దుకు కూర్చునేలోపే మొదటి ఆట అయిపోయింది. రెండోదానికి ఎండ ఎక్కి, కుమారి అరికాళ్ళు బొబ్బలెక్కాయి, అయినా నెగ్గారు. మర్నాడు వంతెన ఇంజనీరు దొరగారి భార్యా, ఆవిడ చెల్లెలూ ఎదురుపడ్డారు. అందరూ వాళ్ళదే అనుకున్నారట. అదీ నెగ్గారు. కుమారి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి నిలబడి రొప్పింది. దాని ముఖం నేను ఎప్పుడూ చూడని ముఖం. కన్నప్పుడు కూడా అంత కొత్తగా లేదు.

డేరా పక్కన నల్లబల్ల మీద నెగ్గినవాళ్ళ పేర్లు సుద్దతో రాశారు. నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. మిస్సమ్మగారి పేరు కింద మిస్ కె. రాజరత్నం అని ఉంది. నేనది చదివేసరికి కుమారి చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి ఉందని గమనించాను.

సాయంత్రం టీలు ఇస్తున్నారు. నేను డేరా అంచున చాప మీద లేసు అల్లుకుంటూ కూర్చున్నాను. ఇంజనీరు దొరగారి భార్య కుమారి దగ్గరికి వచ్చింది. ఆవిడకు తెలుగు కాస్త వచ్చు. ముఖంలో కోపం లేదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. బాగా ఆడావు, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మా నరసాపురం బంగళాలోనండి అంది కుమారి. అయితే రోజూ ఆడుకుంటావన్నమాట అంది ఆవిడ.

కుమారి నా వైపు చూసింది. వెన్ను నిటారుగా చేసుకుంది.

"ఆడుకోవడానికి కాదండి. జీతానికండి."

నేను లేసు మీంచి తలెత్తాను. ఇంతమంది దొరల మధ్య తడబడకుండా చెప్పిందని నా మనసు నిండిపోయింది. ఎవరి కూతురో తెలియాలన్నట్టు నలుగురి వంకా చూశాను కూడా. మిస్సమ్మగారి చేతిలో కప్పు సాసరు మీదికి దిగడం కనిపించింది. ఇంజనీరు దొరగారి భార్య ఇంగ్లీషులో ఏదో మెల్లగా అని, కుమారి చెంప తట్టి, తనవాళ్ళున్న వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత బిస్కట్ల పళ్ళెం మా వైపూ వచ్చింది.

పొద్దున్నే మిస్సమ్మగారు మా గదికి వచ్చింది. ఎన్నడూ లేనిది మా చాప మీద కూర్చుంది. ఆఖరి ఆట మనం ఆడటం లేదంది. జీతం తీసుకుని ఆడేవాళ్ళు, సరదాకి ఆడేవాళ్ళతో పోటీకి దిగకూడదట. అది వాళ్ళలో పాతకాలం నుంచి ఉన్న పద్ధతట. కుమారి జీతం బంతులు ఏరినందుకని తన మనసులో అలాగే ఉండిపోయిందనీ, ఈ సంగతి ఆలోచించలేదనీ చెప్పింది. నెగ్గినవి కూడా లెక్కలోకి రావంది.

"మూడూనా అండీ?" అంది కుమారి.

"మూడూ."

జీతం తీసుకోవడం తప్పెలా అవుతుందండీ, ఊరికే తినలేదు కదా అన్నాను. తప్పు కాదు సంపూర్ణమ్మా అని, ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నాకు అర్థం కాలేదు. మా వీధిలో పిల్ల పరువు కాపాడిన మాటే ఇక్కడ పిల్లను తుడిచేసిందంటే ఎలా అర్థమవుతుంది? జీతం మాట రాకపోతే మా పిల్లను ఆపడానికి ఇంకే మాటైనా వచ్చేదేమో. అది నేను తర్వాత తర్వాత అనుకున్నది.

మేము వెళ్ళేసరికి నల్లబల్ల మీద తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నారు. పేరున్న చోటు తడిగా, మిగతా బల్ల కంటే నల్లగా ఉంది. ఎండ తగిలి అది ఆరేదాకా కుమారి అక్కడి నుంచి కదల్లేదు. మద్రాసు దొరసాని మధ్యాహ్నం వచ్చింది, ఇంకెవరి ఆటో చూసింది. మిస్సమ్మగారు కుమారి గురించి చెప్పి బతిమాలితే, చూడని పిల్లను ఎలా తీసుకోను, వచ్చే ఏడు చూద్దామందట.

తిరుగు పడవలో మిస్సమ్మగారు ఒక దారి చెప్పింది. ఈ రోజు నుంచి జీతం మానేద్దాం, ఏడాది పాటు కుమారి తన సొంత మనిషిలా వచ్చి ఊరికే ఆడుకోవాలి, అప్పుడు వచ్చే చలికాలానికి ఎవరూ కాదనలేరంది. పోనీ మొక్కలకు నీళ్ళు పోసినందుకని రాసుకుని ఆ జీతం ఇవ్వరాదా అని అడిగాను. ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పలేను కదమ్మా అంది. నిజమే, మాకు అబద్ధం చెప్పకూడదని నేర్పింది ఆవిడే.

వారం తిరక్కుండా చిట్టియ్య గారు మా వసారాలోకి వచ్చి కూర్చున్నారు. మా ఆయన కుర్చీ ఇచ్చి తాను నిలబడ్డారు. జీతం మానేసే సంగతి చిన్నమ్మాయి అప్పటికే వీధంతా చెప్పింది. చిట్టియ్య గారు గొంతు పెంచే మనిషి కాదు.

"జీతానికన్నారు, పనికి తప్పేంటని నేనే అన్నాను సంపూర్ణమ్మా. ఇప్పుడు దేనికంటారు?"

మా ఆయన నా వైపు చూశారు. నేను లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, పిల్ల ఎదిగింది కదమ్మా అని లేచి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది పాత పద్ధతే. జీతం తీసుకో, పోటీల ఊసెత్తకు, ఇక్కడే ఆడు. దానికి మిస్సమ్మగారూ సరేనంది. మేమిద్దరం కుమారిని బతిమాలి పంపాం. సందె పడకముందే వచ్చేసి, బ్యాటు గోడకు ఆనించి కూర్చుంది. ఓడల దొరసాని మీద ఆడిందట. ఆవిడకు ఒక్క బంతీ అందలేదట. ఆవిడ బ్యాటు అక్కడే వదిలేసి బండెక్కి వెళ్ళిపోయిందట.

"చేయి ఆగడం లేదమ్మా," అంది. "ఆపుదామనే అనుకున్నాను. ఓడటం చేతకావడం లేదు."

నేను దాని కుడిచేయి పట్టుకున్నాను.

"ఓడిపోయినన్నాళ్ళూ జీతం తప్పు కాలేదు కదమ్మా," అంది. నన్నని కాదు, ఎవరినీ అని కాదు. ఆ తర్వాత టెన్నిసు గురించి అది మాట్లాడటం నేను వినలేదు.

మాఘం వెళ్ళింది. దొరసానులు రావడం తగ్గి కోర్టులో గడ్డి మొలిచింది. గీతలు ముందు పోయాయి. మిస్సమ్మగారు సెలవు మీద సీమకు వెళ్తూ వలను పోతురాజుకే ఇచ్చేసింది. అతను దాన్ని తన పాత వలకు కలిపి కుట్టుకున్నాడు. కుమారి నా పక్కన, చిన్నమ్మాయికి ఎదురుగా, లేసు అల్లడానికి కూర్చుంది. ఇప్పుడు కునికిపాట్లు లేవు. సూది పువ్వు మీద పువ్వు వేసుకుంటూ పోతుంది. చేయి కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

రోహిణి ఎండల్లో దానికి కొత్త రవిక కుట్టాలని లేసు బుట్ట అడుగున ఉన్న దారం తీశాను. కుడిచేయి చాపమంటే చాపింది. ఎక్కించాను. వేలు పట్టేంత వదులుగా వేలాడింది. తప్పుగా ఎక్కించానేమోనని తీసి మళ్ళీ ఎక్కించాను. ఎడమచేయి ఇమ్మన్నాను.

"ఏ చెయ్యైనా ఒకటేనమ్మా ఇప్పుడు," అంది.

ఎన్నిటికో భయపడ్డాను. ముల్లుకీ, ఎండకీ, పడవకీ, జబ్బుకీ భయపడ్డాను. చేయి లావెక్కితే వాపని ఏడ్చాను. చేయి తగ్గుతుందని భయపడాలని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

రెండు చేతులకూ ఒకే కొలతకు కత్తిరించాను. కుట్టేటప్పుడు మాత్రం కుడిచేతి లోపల, ఎవరికీ కనపడకుండా, రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి పెట్టాను. కావలసి వస్తే కుట్టు విప్పి వెడల్పు చేయడానికి. ఆ తర్వాత దానికి ఎన్ని రవికలు కుట్టానో. పెళ్ళి రవిక కూడా నేనే కుట్టాను. అన్నిటిలోనూ ఆ మడత ఉంది. ఒక్కటీ విప్పవలసి రాలేదు.